స్వర్ణలేఖ చచ్చిపోయిన రోజులు

పోయిన నెల చౌటుప్పల్‌లో హైవే పక్కన కొత్త చీరల దుకాణం తెరిచారు. మొదటి షిఫ్టు దిగి కంపెనీ బస్సులో వస్తుంటే సర్వీసు రోడ్డంతా జనం, బస్సు అరగంట కదల్లేదు. దుకాణం ముందర స్టేజీ, స్టేజీ మీద పూలదండల మధ్య ఒక ఆడమనిషి, చేతిలో కత్తెర. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. స్వర్ణలేఖ. కొంచెం ఒళ్లు చేసింది, కళ్ల కింద ఎంత పౌడరు అద్దినా నల్లదనం దాగలేదు, కానీ నవ్వు మాత్రం అదే నవ్వు. నా పక్కన కూర్చున్న పిల్ల కంపెనీలో కొత్తగా చేరింది. ఎవరక్కా ఆమె అని అడిగింది. ఏం చెప్పను? ఈ మనిషి కోసం నేను తక్కువలో తక్కువ నలభై సార్లు తలస్నానం చేసి ఉంటాను. చలికాలం పొద్దున చేశాను, జ్వరం తగ్గి ఒక్కరోజు కాకముందే చేశాను, పరీక్షకు పోయే ముందు కూడా చేశాను. మా అవ్వకూ మా మేనత్తకూ రెండేళ్లు మాటలు లేకుండా చేసిన మనిషి ఈమే, ఆ సంగతి పాపం ఈమెకు తెలియదు. మా చుట్టమే అన్నాను. ఆ పిల్ల నా వైపు గౌరవంగా చూసి, ఒక సెల్ఫీ ఇప్పిస్తావా అక్కా అంది.

నేను చెప్పేది తెలంగాణ వచ్చిన కొత్తలో మాట. మా ఊరు చౌటుప్పల్ నుంచి లోపలికి పోతే వస్తుంది, అటు కంపెనీల పొగ, ఇటు పత్తి చేన్లు. మాది రెండర్రల రేకుల ఇల్లు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, బాపును కన్న మా అవ్వ. తాత నేను పుట్టకముందే పోయాడు. బాపుకు ఒక్కతే చెల్లె, మంజులత్త, ఆమెను భువనగిరిలో ఇచ్చారు. బాపు మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, ఇంటికొస్తే చొక్కా నుంచి కాలిన నూనె వాసన, మందుల వాసన కలిసి వచ్చేవి. అమ్మ పత్తి ఏరబోయేది, పత్తి లేని రోజుల్లో ఏ పని దొరికితే ఆ పనికి. అవ్వ తన బతుకులో ముప్పావు వంతు పరాయివాళ్ల చేన్లలో వంగే గడిపింది, నడుం ఇక లేవనన్నాక ఇంటి కాపలాకు కుదిరింది. ఆమె దగ్గర ఎప్పుడూ కుంకుడుకాయ, పసుపు, కట్టెల పొగ కలిసిన ఒక వాసన ఉండేది. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, పళ్లెం కడిగి బోర్లించి, చాటలో బియ్యం పోసుకుని టీవీ ముందు కూర్చునేది. రాళ్లు ఏరుతూ స్వర్ణలేఖ సినిమా చూసేది. వేరే సినిమాలు ఆమెకు అక్కర్లేదు. చాటలో వేళ్లు ఆడుతున్నంతసేపు తెర మీద స్వర్ణలేఖ సుఖంగా ఉందని మాకు అర్థం. వేళ్లు ఆగితే ఏదో కష్టం వచ్చిందని అర్థం. చాట కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కి లేచిందంటే అమ్మ డ్రమ్ములో నీళ్లెన్ని ఉన్నాయో చూసుకునేది. స్వర్ణలేఖ చచ్చిపోయింది, ఇంట్లో ఉన్నవాళ్లందరూ నెత్తి మీద నుంచి నీళ్లు పోసుకోవాలి.

మా అవ్వను పిచ్చిది అనుకుంటే నేను ఊరుకోను. సినిమాను నిజమనుకునే అమాయకురాలూ కాదు. చచ్చినట్టు పడుకున్న మనిషి కడుపు ఊపిరికి కదలడం మా అందరికంటే ముందు ఆమే పట్టేది. సినిమా అయిపోయాక ఆ పిల్ల లేచి, మొహం కడుక్కుని, కారెక్కి ఇంటికి పోయి ఉంటుందని కూడా ఆమే చెప్పేది. అయినా మైల మైలే. మన మనిషి పోయింది, మనం చూశాం, చూశాక నీళ్లు పోసుకోకుండా అన్నం కుండ ఎట్లా ముడతాం అని ఆమె వాదన. ఒకసారి బాపు డ్యూటీ నుంచి అలిసి వచ్చి, ఆకలి మీద ఉండి, అది ఒట్టి బొమ్మనే గద అమ్మా అని గట్టిగా అరిచాడు. అవ్వ గోడ మీది పటం వైపు చెయ్యి చూపించింది.

“గది సుత బొమ్మనే గదరా. పొద్దుగాల లేస్తే మొక్కుతవ్. మొక్కుడుకు లేని అనుమానం తానంకెందుకు?”

బాపు తువ్వాల తీసుకుని బాత్రూం వైపు పోయాడు.

స్వర్ణలేఖ మామూలు నటి అయితే మా తిప్పలు ఇంత ఉండేవి కావు. ఆమె వెయ్యని వేషం లేదు. డాక్టరుగా చేసింది, దొంగగా చేసింది, పోలీసుగా చేసింది, అమ్మవారిగా చేసింది, దొరసానిగా చేసి ఊరి జనాన్ని కొరడాతో కొట్టింది, దయ్యంగా చేసి అదే జనాన్ని గొంతు పిసికింది. ఏ వేషం వేసినా ఏదో ఒక రకంగా చచ్చేది. దాంతో అవ్వకు ప్రతి సినిమాకూ కొత్తగా తీర్పు చెప్పాల్సి వచ్చేది. లోయలో పడిపోతే వెంటనే లేవకూడదు, శవం కనిపించేదాకా ఆగాలి, ఎందుకంటే సగం సినిమాల్లో ఏ చెట్టు కొమ్మకో చిక్కుకుని ఇంటర్వెల్ తర్వాత వచ్చేది. ఒకసారి ఆగకుండా అందరం పోసుకున్నాం, ఆమె ఆసుపత్రిలో కళ్లు తెరిచింది. మా ఊరికి నల్లా దినం తప్పించి దినం వచ్చేది, ఆ రోజు నల్లా లేని రోజు, డ్రమ్ములో నీళ్లన్నీ అయిపోయాయి. అమ్మ ఆ రాత్రి స్వర్ణలేఖను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. కవలపిల్లలుగా వేసిన సినిమాలో ఒకతె చచ్చి ఒకతె బతికితే ఏం చెయ్యాలని రెండ్రోజులు చర్చ జరిగింది, చివరికి కాళ్లు కడుక్కుంటే చాలని తేలింది. పోయిన జన్మలో చస్తే లెక్కలోకి రాదు, ఆ మైల ఆ జన్మ వాళ్లది. దయ్యం సినిమా అన్నింటికంటే కష్టం, ఆమె మొదటి నుంచీ చచ్చిపోయే ఉందని మనకు చివర్లో తెలుస్తుంది, అంటే రెండు గంటలు మైలలో కూర్చుని బొబ్బర్లు తిన్నట్టు. ఆ రోజు అవ్వ బొబ్బర్ల గిన్నె కూడా కడిగించింది. బాపు ఈ బాధ పడలేక ఆదివారాలు ఓవర్‌టైం రాయించుకునేవాడు. ఇంట్లో లేనివాళ్లకు మైల అంటదు కాబట్టి.

చావులే కాదు, వరసలతో కూడా ఇబ్బందే. స్వర్ణలేఖ ఒక హీరో పక్కన అయిదారు సినిమాలు చేసింది. ఆ హీరో పేరు చెప్పను, ఆయన ఇప్పటికీ హీరోగానే చేస్తున్నాడు. అవ్వ లెక్కలో ఆయన అల్లుడు. తెర మీదికి ఆయన వస్తే అవ్వ కొంగు నిండుగా కప్పుకుని, కాళ్లు ముడుచుకుని, కొంచెం పక్కకు తిరిగి కూర్చునేది. నాలుగేళ్లు తిరిగేసరికి స్వర్ణలేఖ అదే హీరోకు తల్లిగా వేసింది. ఆయన వచ్చి ఆమె కాళ్లకు మొక్కగానే అవ్వ చాట పక్కన పెట్టి అమ్మ వైపు తిరిగింది. నా బిడ్డ మొగడు నా బిడ్డకు కొడుకెట్లయితడు అని అడిగింది. అది ఆ సినిమా, ఇది ఈ సినిమా అత్తమ్మా అని అమ్మ నచ్చజెప్పబోయింది. మనుషులు వాళ్లే గదా అంది అవ్వ. మూడు రోజులు ఆలోచించి, ఆ తల్లి సినిమా వచ్చిన రోజు మనుమడి వరస, పాత సినిమా వచ్చిన రోజు అల్లుడి వరస అని తేల్చింది. ఆ తర్వాత ఆయన తెర మీదికి వచ్చినప్పుడల్లా అవ్వ చెయ్యి కొంగు మీదికి పోయేది, ఏ సినిమానో చూసుకుని సగంలో ఆగేది.

ఎనిమిదో తరగతి పరీక్షల్లో ఒక పొద్దున ఏడు గంటల సినిమాలో స్వర్ణలేఖ రైలు కింద పడింది. తడి జుట్టుతో, నీళ్లు కారుతున్న జడతో పరీక్షకు పోయాను. సోషల్ సారు మంచివాడు, మెల్లగా దగ్గరికొచ్చి ఎవరు పోయారమ్మా అని అడిగాడు. అబద్ధం చెప్పడం నాకు అప్పటికి చేతకాదు. స్వర్ణలేఖ అని చెప్పాను. నీకేమైతది అన్నాడు. మా అవ్వకు బిడ్డ లెక్క అన్నాను. వయసెంత అంటే ముప్పై ఉంటాయన్నాను, ఎట్లా పోయిందంటే రైలు కింద పడిందన్నాను. సారు కళ్లజోడు తీసి తుడుచుకుని, నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, పది నిమిషాలు ఎక్కువ రాయనిచ్చాడు. అంతటితో అయిపోయేది. సాయంత్రం ఆయన పరామర్శకు మా ఇంటికి వచ్చాడు. అవ్వ ఏ మాత్రం తడబడలేదు. పీట వేసి కూర్చోబెట్టి, ఏం జేస్తం సారూ, ఆమె రాత గంతే ఉండె, మంచి మనిషి, ఒకరిని నొప్పియ్యలే అని చెప్పింది. దొరసాని వేషంలో కొరడాతో కొట్టిన సంగతి ఎత్తలేదు. సారు చాయ తాగి, అవ్వ చేతులు పట్టుకుని ధైర్యం చెప్పి పోయాడు. అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని కింద కూర్చుండిపోయింది.

ఇక్కడిదాకా నవ్వులాటే. ఎదుటివాళ్లకు చెప్పేటప్పుడు కూడా నేను ఇక్కడిదాకే చెబుతాను.

మా దిక్కు ఒడిబియ్యం అంటే చిన్న సంగతి కాదు. పెళ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు ఆమె ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తగారింటికి పట్టుకుపోయి, వండి పదిమందికి పెడుతుంది. నాకు అడిగేవాళ్లున్నారు అని ఆ పదిమందికీ చెప్పుకోవడం అది. పెళ్లయిన మూడో ఏడు పొయ్యాలి, అది తప్పితే మళ్లీ అయిదో ఏడే, సరి సంవత్సరంలో పొయ్యరు. మంజులత్తకు మూడో ఏడు నడుస్తోంది. బాపు కంపెనీలో సెలవు దొరక్క వాయిదా వేసి వేసి, చివరికి ఒక ఆదివారం ఖాయం చేశాడు. ఆ మర్నాటి నుంచి మూఢం, మూఢం వెళ్లేసరికి నాలుగో ఏడు పడుతుంది. అంటే ఆ ఆదివారం తప్ప వేరే దారి లేదు.

అత్త, మామ, ఏడాది పిల్ల పొద్దున్నే బస్సు దిగారు. అమ్మ తెల్లవారుజామునే లేచి బియ్యానికి పసుపు పట్టించింది, ఇల్లంతా పసుపు వాసన, నెయ్యి వాసన. వాడకట్టు ఆడవాళ్లు అయిదారుగురు వచ్చి చాప మీద కూర్చున్నారు. మామకు తోచక రిమోట్ తీసుకుని టీవీ పెట్టాడు. అల్లుడి చేతిలోంచి రిమోట్ తీసుకునే మగవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. బాపు నా వైపు చూశాడు, నేను అమ్మ వైపు చూశాను, అమ్మ గోడ వైపు చూసింది. సినిమా పేర్లు పడుతున్నాయి, స్వర్ణలేఖదే, కానీ మేమెవరమూ చూడనిది. అత్త కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. అమ్మ, బాపు బియ్యం పళ్లెం పట్టుకుని ముందుకు వంగారు. అదే నిమిషంలో తెర మీద స్వర్ణలేఖ, నిండా నగలు పెట్టుకున్న పెళ్లికూతురు, పీట మీద కూర్చున్నదల్లా, ఎవరో ఇచ్చిన పాలు తాగి, ఒడిలో బియ్యంతో సహా పక్కకు ఒరిగిపోయింది. సినిమా మొదలై పదిహేను నిమిషాలు కాలేదు.

అవ్వ తెర వైపు చూసింది, పీట మీద ఉన్న బిడ్డ వైపు చూసింది. ఆపండి అంది. బాపు బతిమాలాడు, అందరం ఇప్పుడే తానం చేస్తామన్నాడు. తానం అన్నం తినడానికి సరిపోతుంది, శుభానికి మూడ్రోజులు ఆగాలి అని అవ్వ పట్టు పట్టింది. మూడ్రోజులు ఎక్కడివి, రేపటి నుంచి మూఢం. వాడకట్టు ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మామ మొదట నవ్వాడు, తర్వాత ఎవరూ నవ్వడం లేదని చూసి టీవీ ఆపాడు. ఆపినా లాభం లేదు. మంజులత్త పీట మీద నుంచి లేచి, ఖాళీ కొంగు దులుపుకుంది.

“సినిమాల సచ్చినదాని మైల, బతికున్న బిడ్డ ఒడికంటే ఎక్కువైందా అమ్మా నీకు?”

పిల్లను చంకనేసుకుని అత్త నడిచింది, మామ వెనక నడిచాడు. బాపు బస్టాండు దాకా వెంటపడి, బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడి, ఒక్కడే తిరిగొచ్చాడు. అంతమంది ముందు ఒట్టి ఒడితో పంపిన ఆడబిడ్డ మళ్లీ ఆ గడప తొక్కదు, అది మా దిక్కు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆ పసుపు బియ్యం మా ఇంట్లో వండుకోవడానికి లేదు, అవి ఆమెవి. వేరేవాళ్లకు ఇవ్వడానికీ లేదు. అమ్మ డబ్బాలో పోసి మూత పెట్టింది. కొన్నాళ్లకు పురుగు పట్టాయి. అవ్వ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని, చాటలో ఆ పసుపు బియ్యమే పోసుకుని పురుగులు ఏరేది, ఏరి మళ్లీ డబ్బాలో పోసేది. ఎందుకు అత్తమ్మా అని అమ్మ ఒకసారి అడిగి, మళ్లీ అడగలేదు. చివరికి పిండైపోతే కోళ్లకు వేశారు. ఆ రోజు అవ్వ టీవీ పెట్టలేదు.

రెండు బతుకమ్మ పండుగలు అత్త రాలేదు. బాపు డ్యూటీలో ఉన్నప్పుడు చూసి అమ్మకు ఫోన్ చేసేది, పిల్లకు పళ్లొచ్చాయని, దగ్గు తగ్గలేదని. అవ్వ అక్కడే కూర్చుని, ఫోన్ వైపు చూడకుండా, వినపడకపోతే మాత్రం పిల్లకు ఏమైందట అని గోడను అడిగేది. ఒక్క మాట, తప్పయిందని ఒక్క మాట ఫోన్లో అనమ్మా, వస్తది అని బాపు ఎన్నిసార్లు అడిగాడో. అవ్వ అనలేదు. తప్పంటే ఇన్నేండ్లు పోసుకున్న నీళ్లన్నీ తప్పే గదా అని ఒకసారి మాత్రం అంది. నాకు అవ్వ మీద కోపం వచ్చేది. చిన్నప్పటి నుంచి నన్ను చంకనేసుకుని తిరిగిన అత్త, నా జడలు వేసిన అత్త, ఒక సినిమా మనిషి కోసం దూరమైపోయిందే అని. ఆ మనిషి ఎన్నిసార్లు చచ్చినా మళ్లీ లేస్తుంది, మా ఇంట్లో చచ్చిన మాట మాత్రం లేవడం లేదు. అప్పట్లో స్వర్ణలేఖ తెర మీద కనిపిస్తే నేను లేచి బయటికి పోయేదాన్ని. అవ్వ దృష్టిలో అది నీళ్లు తప్పించుకోవడానికి వేసిన ఎత్తు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు నాకు భువనగిరి సెంటరు పడింది. బాపు ముందురోజు నన్ను అత్త ఇంటి సందు చివర దింపి, తాను లోపలికి రాకుండా వెళ్లిపోయాడు. గుట్ట కింద కిరాయి ఇల్లు, ఎండ పట్టిన బండ వేడి సాయంత్రం దాకా ఇంట్లోకి కొట్టేది. అత్త నాకిష్టమని పచ్చిపులుసు చేసింది. టీవీలో దొరసాని సినిమా వచ్చింది. చివర్లో జనమంతా కలిసి స్వర్ణలేఖను చంపారు. అత్త లేచి, దండెం మీది తువ్వాల తీసుకుని బాత్రూంలోకి పోయింది. తడి జుట్టుతో వచ్చి, ఉక్కపోస్తుంది అంది. ఎండాకాలమే కాబట్టి నమ్మేదాన్నే. కానీ మూడేళ్ల పిల్ల తన చిన్న తువ్వాల పట్టుకుని బాత్రూం ముందు నిలబడి, సొన్నలేక సచ్చింది గదా, నాకు పోస్తలేవేందే అని ఏడుపు అందుకుంది. అత్త నా వైపు చూసింది. నేను పులుసు గిన్నె వైపు చూశాను. మీ అవ్వకు చెప్తే నీ కాళ్లు ఇరగ్గొడతా అంది. పరీక్షలో ఏం రాశానో గుర్తులేదు, ఇంటికి పోయి ఎట్లా చెప్పాలా అనే ఆలోచన తప్ప.

చెప్పాను. అవ్వ వేళ్లు చాటలో ఆగిపోయాయి. ఒంటికి పోసుకుందా, నెత్తి మీదనా అని అడిగింది. నెత్తి మీదనే, పిల్లకు కూడా పోసింది అన్నాను. ఆ నెలలోనే, అత్తకు అయిదో ఏడు వెళ్లకముందే, బాపును కాదు, నన్ను పిలిచి భువనగిరి తోల్కపో అంది.

ఇప్పుడు మా ఇంట్లో మనిషికో ఫోన్. అవ్వ పోయి ఆరేళ్లు దాటింది. అమ్మ చెవుల్లో అవేవో పెట్టుకుని సీరియల్ చూస్తుంది, బాపు పక్కనే కూర్చుని వేరే ఏదో చూస్తాడు. స్వర్ణలేఖ ఇప్పుడు ఫోన్లలో వచ్చే సిరీసుల్లో చేస్తోంది, వకీలుగా, ముఖ్యమంత్రిగా, మొన్న ఒకదాంట్లో ముసలి నాయనమ్మగా. ఇప్పటికీ చస్తుంది. కానీ ఎవరి ఫోన్లో చచ్చిందో పక్కవాళ్లకు తెలియదు. నల్లా రోజూ వస్తుంది, గీజరు ఉంది, ఎవరూ ఎవరినీ లెమ్మనరు. నీళ్లు లేని రోజుల్లో అన్ని నీళ్లు పారబోశాం, ఇప్పుడు ఒక్క మనిషి ఏడ్చినా పక్క మనిషి తల ఎత్తడు. ఆ కాలం మంచిదని నేను చెప్పడం లేదు, చలికాలం పొద్దున మా రేకుల బాత్రూంలో నిలబడ్డవాళ్లెవరూ ఆ మాట అనరు. కానీ ఆ ఇంట్లో ఒకరికి కష్టం వస్తే అందరూ తడిసేవాళ్లం.

అవ్వను తీసుకుపోయిన రోజు భువనగిరిలో అత్త తలుపు తీసి, ఆమెను చూసి, రా అని మాత్రం అంది. నీళ్లిచ్చింది. మామ పనికి పోయాడు, పిల్ల నిద్రపోతోంది. టీవీ నడుస్తోంది. స్వర్ణలేఖ మొదటి రోజుల్లో చేసిన సినిమా, కళ్లులేని పాటగత్తె వేషం. అత్త ఆ సినిమా ఇరవై సార్లు చూసి ఉంటుంది, ఆమె ఏ నిమిషంలో చస్తుందో తెలుసు. చానెల్ మార్చొచ్చు, మార్చలేదు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని అవ్వకు ఎదురుగా కూర్చుంది. ముగ్గురం చూశాం. వానలో పాడుతూ పాడుతూ స్వర్ణలేఖ కూలిపోయింది, కడుపు ఊపిరికి కదులుతూనే ఉంది. నేను అలవాటుకొద్దీ లేవబోయాను. అవ్వ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“లేస్తలేవేం?” అంది అత్త. “ఇయ్యాల మైల గాదా?”

అవ్వ తెర వైపు చూపించింది. “గీ సినిమానే. నీకు తొమ్మిదేండ్లు. పక్కింట్ల జూసొచ్చి, ఆమె సచ్చిందని రెండొద్దులు బువ్వ ముట్టలే నువ్వు. కొట్టిన, బతిలాడిన, ఇనలే. మీ నాయిన పోయినప్పుడు సుత గట్లనే జేసినవ్, పానం మీదికొచ్చె. నాకు బుగులైంది. మనిషి పోతే తానం జేస్తే ఆడికి అయిపోతది బిడ్డా, ఇగ తినాలె అని నెత్తి మీద నీళ్లు పోసిన. నువ్వు లేచి తిన్నవ్. గంతే. నువ్వు తినాలని పెట్టిన మైల అది.”

అత్తకు ఆ సంగతి గుర్తున్నట్టు లేదు. నీళ్లు పోసుకోవడం గుర్తుంది, ఎందుకో గుర్తులేదు. రిమోట్ మీది మీటలు తడిమింది.

“మరి నన్ను ఇచ్చినంక ఎందుకు బంద్ జెయ్యలే?”

“నీ చీరెలు నువ్వు తీస్కపోయినవ్, నీ పెట్టె నువ్వు తీస్కపోయినవ్. ఇంట్ల నీది ఆ తానమొక్కటే మిగిలె.” అవ్వ నీళ్ల చెంబు అందుకుంది కానీ తాగలేదు. “ఆ పొద్దు ఆమె పీట మీద సచ్చె, నువ్వు పీట మీద కూసుంటివి. నాకు భయమైంది బిడ్డా. భయమైందని నలుగుట్ల చెప్పరాలే.”

అత్త టీవీ ఆపి లోపలికి పోయింది. నేను బాత్రూంలో మగ్గు చప్పుడు కోసం చెవి పెట్టాను. మగ్గు చప్పుడు రాలేదు, పళ్లేల చప్పుడు వచ్చింది. వంటింట్లోంచే, ముక్కు ఎగబీలుస్తూ, వచ్చే ఆదివారం మంచిగుంటే అన్నను వచ్చి తోల్కపొమ్మను, చీర మాత్రం నేనే ఏరుకుంటా, అప్పటి రంగు నాకు నచ్చలే అంది. మూడు పళ్లేలు తెచ్చి కింద పెట్టి, అన్నం, పప్పు వడ్డించి, అవ్వ పక్కన చాప మీద కూర్చుంది. నేను తినడం మొదలుపెట్టాను. అవ్వ పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. మంజులత్త ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, మింగేదాకా అవ్వ బిడ్డ మొహమే చూస్తూ కూర్చుంది.